శుక్రవారం కందెన

నా చిన్నప్పుడు మా ఇంటి ముందు ఎద్దులు కట్టేసే చోట ఒకనాడు లారీ వచ్చి నిలబడింది. హిందూపురంలో మా వీధి వీధంతా పని మానుకుని చూడ్డానికి వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయి ఏడాదో రెండేళ్లో అయి ఉంటుంది. మిలిటరీవాళ్లు అరగదీసి వదిలేసిన పాత డీజిల్ లారీని మా ఊరి సావుకారు ఒకాయన కొన్నాడు. బెల్లం, చింతపండు నింపుకుని పెనుకొండ మీదుగా ధర్మవరం పోయి రావాలి. ఆ లారీ తోలే పని మా నాయనకు దొరికింది. మా అమ్మ ఆ రోజు ఎవరూ అడక్కుండానే ఇంటింటికీ పోయి చెప్పుకుని వచ్చింది.

మా నాయన బండివాళ్ల ఇంట పుట్టినవాడు. మా తాత, ఆయన తండ్రి అందరూ ఎద్దుల బండ్లు కట్టుకుని పరిగి సంతకూ మడకశిర సంతకూ తిరిగినవాళ్లే. యుద్ధం రోజుల్లో ఎద్దులను అమ్ముకోవలసి వచ్చి, మా నాయన పెట్రోలు బండి తోలడం నేర్చుకున్నాడు. ఆ తర్వాత ఈ డీజిల్ లారీ. చెయ్యి స్టీరింగు పట్టుకున్నా మనసు మాత్రం ఇంకా ఎద్దుల దగ్గరే ఉండేది. లారీని ‘ఇది’ అనేవాడు కాదు, ‘ఈయమ్మ’ అనేవాడు. దిగేటప్పుడు దాని మూతిమీద ఒకసారి తట్టి దిగేవాడు.

బండి కట్టే ఇళ్లలో శుక్రవారం పొద్దున ఇరుసుకు కందెన పెట్టనిదే బండి కదిలేది కాదు. కందెన అంటే ఏమిటో ఈ కాలం పిల్లలకు తెలియదు, నా మనవరాలైతే అదేదో తినేది అనుకుంది. కొర్రగడ్డి కాల్చిన మసిని ఆముదంలో వేసి నూరితే నల్లగా చిక్కగా తయారవుతుంది. అదే కందెన. మా అవ్వ చేసి వెదురు గొట్టంలో నింపి పెట్టేది. ఎద్దులు పోయినా ఆ గొట్టం మాత్రం మా ఇంటి గుంజకు వేలాడుతూనే ఉంది. శుక్రవారం వచ్చిందంటే లారీకి పసుపూ కుంకుమా పెట్టి, కదిలే ప్రతి కీలుకూ కందెన పెట్టాలని మా నాయన పట్టు. ఇంజనుకు ఏ నూనె పొయ్యాలో సావుకారుకు ఎవరో చెప్పారు, ఆయన అది తెప్పించి ఇచ్చేవాడు. ఈ చిన్న చిన్న కీళ్లకు ఏం పెట్టాలో ఎవరూ చెప్పలేదు. తిరిగేదానికి కందెన పెట్టాలని మా ఇంట్లో మూడు తరాలుగా తెలుసు, మా నాయన అదే చేశాడు.

డ్రైవరు కాళ్లకింద మూడు పెడళ్లు ఉంటాయి కదా, వాటిలో కుడిచేతి వైపుది యాక్సిలేటరు. దాని అడుగున, చెక్క పలకల సందులో ఒక కీలు ఉండేది. అక్కడికి మా నాయన చెయ్యి దూరదు. నాకప్పుడు తొమ్మిదేళ్లు, నా చెయ్యి సన్నం. అందుకని ఆ కీలు నా వంతు అయింది. వేలికి కందెన తీసుకుని, బోర్లా పడుకుని, సందులోకి చెయ్యి పోనిచ్చి చుట్టూ పూసేదాన్ని. ఆడపిల్లకు లారీ పని ఏమిటని అవ్వ సణుగుతుంటే నాకు మరీ గర్వంగా ఉండేది. మా నాయన పోయేది నేను పూసిన దాని మీదే అనుకునేదాన్ని.

చలికాలం వచ్చింది. పెడలు కొంచెం బిగుస్తాండాది అన్నాడు మా నాయన ఒక శుక్రవారం. అయితే ఇంకొంచెం పెట్టు అంది అవ్వ. పెట్టాను. మరుసటి వారం ఇంకా బిగిసింది, నేను ఇంకా పెట్టాను. ఆ పై శుక్రవారం గొట్టంలో సగం దాకా తోడి ఆ సందులో కూరాను. మా నాయన చూసి నవ్వాడు.

“చాలులే తల్లీ. ఈయమ్మకు ముద్దలు కలిపి పెడతాండావే.”

ఆ మాట అని, నా నెత్తి నిమిరి, లారీ ఎక్కి పోయాడు. ఆయన అలా మనసారా నవ్వడం మళ్లీ చాలా ఏళ్లదాకా నేను చూడలేదు.

మరునాడు మధ్యాహ్నానికి కబురు వచ్చింది. రాత్రి లారీని ధర్మవరం బయట నిలిపి, అందులోనే పడుకుని, తెల్లవారుతుండగా ఊళ్లోకి తోలాడు మా నాయన. ధర్మవరంలో నేతగాళ్లు ఎండ ఎక్కకముందే వీధిలో పట్టు పడుగు సాగదీసుకుంటారు. ఆ చివరా ఈ చివరా గుంజలు, మధ్యన వీధి పొడుగునా వందల పోగులు. వాళ్లను చూసి మా నాయన యాక్సిలేటరు మీదినుంచి కాలు తీశాడు. కాలు వచ్చింది, పెడలు రాలేదు. బ్రేకు తొక్కితే ఇంజను లాక్కుపోతూనే ఉంది. స్విచ్చి తిప్పేశాడు, ఇంజను ఆగలేదు. పక్కకు తిప్పేలోపల లారీ పడుగును తెంపుకుంటూ పోయి గుంజను గుద్దింది. గుంజ దగ్గర పోగులు సరిచేస్తున్న నేతగాని కాలు చక్రం కింద నలిగింది.

మనిషి బతికాడు. ఆ మాట మొదట చెప్పి ఉంటే మా అమ్మ అలా కూలబడేది కాదు. కబురు తెచ్చినవాడు దాన్ని చివరికి చెప్పాడు.

ఆ తర్వాత జరిగిందంతా మా నాయనకు వ్యతిరేకంగానే జరిగింది. రాత్రి లారీ నిలిపిన చోటు పక్కనే కల్లంగడి ఉందట. ఇంకేం కావాలి? తాగి తోలాడని ధర్మవరంలో అన్నారు, ఆ మాట మా నాయన కంటే ముందే హిందూపురం చేరింది. ఎద్దుల కాలంలో పండక్కో పబ్బానికో కల్లు తాగిన మాట నిజమే. స్టీరింగు పట్టిన రోజునుంచి ఆయన దాని వాసన కూడా చూడలేదు, అది మా అమ్మకు తెలుసు, నాకు తెలుసు. లోకానికి ఎవరు చెప్పాలి? పైగా సావుకారు పంపిన ఇంకో డ్రైవరు ఆ లారీని మంచి ఎండపూట పెనుకొండ దాకా తోలుకువచ్చి, పెడలు చక్కగా ఉంది, ఏ దోషమూ లేదు అని చెప్పాడు. సావుకారుకు అది చాలు. నా డ్రైవరు తాగినాడు అని ఆయన స్టేషనులో రాసిస్తే మా నాయనకు లైసెన్సు పోతుంది, జైలు కూడా తప్పదు. రాసివ్వడానికి నాలుగు రోజులు గడువు పెట్టుకున్నాడు.

పెనుకొండ మా అమ్మ పుట్టిల్లు. మా అమ్మకు చిన్నాయన వరసయ్యే ఒకాయన అక్కడ ఉండేవాడు, నాకు తాత. యుద్ధంలో మిలిటరీ వర్కుషాపులో లారీలు బాగుచేసి వచ్చిన మనిషి. మాటలు తక్కువ, కోపం ఎక్కువ. అమ్మ నన్నూ నాయననూ వెంటబెట్టుకుని ఆయన ఇంటికే పోయింది. అక్కడ మా నాయన గోడకు ఆనుకుని కూర్చుని పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు. ఎవరు అడిగినా ఒకటే మాట. “నా కాలే తప్పు చేసిందేమో. నాకే తెలీలేదేమో.” తాగలేదని గట్టిగా అనడం కూడా మానేశాడు.

ఇక నా సంగతి. పెడలు పైకి రాలేదు అన్న మాట విన్న క్షణమే నా కుడిచెయ్యి వెనక్కి దాచుకున్నాను. ఆ పెడలు నాది. దానికింద నా వేలు తప్ప ఇంకెవరి వేలూ పోలేదు. నేను ఏం తప్పు చేశానో తెలియదు, చేశానని మాత్రం తెలిసింది. అయినా నోరు విప్పలేదు. మా అమ్మ ఏడుస్తుంటే చూస్తూ ఊరుకున్నాను. మూడు రోజులు ఊరుకున్నాను. తొమ్మిదేళ్ల పిల్ల అని ఇప్పుడు నన్ను నేను సమర్థించుకోవచ్చు గాని, ఆ మౌనం పిల్లతనం కాదు, అచ్చమైన భయం.

తాత మా నాయనను రెండే ప్రశ్నలు అడిగాడు. అది జరిగింది ఏ పొద్దులో? ఇంజనును ఎట్ల ఆపాలని చూస్తివి? తెల్లవారుజామున, చలిలో అన్నాడు నాయన. స్విచ్చి తిప్పానన్నాడు. తాత ముఖం అప్పుడు కొంచెం మారింది. పెట్రోలు బండి అయితే స్విచ్చి తిప్పితే ఆగుతుంది. డీజిల్ ఇంజను దానికి ఆగదు, డ్రైవరు పక్కనుండే తీగ లాగి ఆపాలి. దినమూ తన చేత్తో లాగే తీగే అది. అయినా ఆ నిమిషాన మా నాయన చెయ్యి పాత అలవాటు కొద్దీ స్విచ్చి మీదికి పోయింది. అబద్ధం అల్లేవాడైతే తీగ లాగినా ఆగలేదు అనేవాడు, ఆ ఒక్క మాటతోనే తాతకు మా నాయన అబద్ధం చెప్పడం లేదని తెలిసిపోయిందట. ఈ మాట చాలా రోజుల తర్వాత చెప్పాడు.

మూడోనాడు సావుకారు వచ్చాడు. లారీ పెనుకొండలో ఆయనకున్న ఇంకో కొట్టు ముందే ఉంది. ఎండలో తాత పెడలు తొక్కి చూశాడు, అది సుఖంగా పైకి వచ్చింది. సావుకారు అందరూ వినేటట్టు అన్నాడు.

“చూస్తివా? తాగి తోలి, ఇప్పుడు బండి మీదికి నెడతాండావేమప్పా. స్విచ్చి తిప్పినా ఇంజను ఆగలేదంట. ఈ మాట పసిబిడ్డన్నా నమ్ముతాదా?”

మా నాయన తల ఎత్తలేదు. తాత మాత్రం ఏ కోపమూ లేకుండా, ఆయనకు అలవాటు లేని మెత్తదనంతో, మాట్లాడాడు.

“నేను వీళ్ల మనిషిని సావుకారు, నేను చెప్తే మీరు నమ్మరు. రేపు తెల్లారేటప్పటికి మీరే రండి. మీరే కూచొని తొక్కండి. ఆ పైన ఏం రాసిస్తారో రాసియ్యండి.”

మరునాటి తెల్లవారుజాము చలి నాకిప్పటికీ ఒంట్లో ఉంది. కొండమీదినుంచి దిగిన మంచు లారీ రేకులమీద నీళ్లయి కారుతోంది. తాత నాలుగు చక్రాలకూ బండరాళ్లు పెట్టి, గేరు తీసేసి, ఇంజను వేసి దిగాడు. సావుకారు శాలువా సర్దుకుని డ్రైవరు చోట కూర్చున్నాడు. యాక్సిలేటరును కిందికంటా తొక్కి, కాలు తీశాడు.

ఇంజను కూత తగ్గలేదు. లారీ నిలువునా వణుకుతోంది, పొగ కొట్టు వాకిలి అంతా కమ్మింది. సావుకారు కిందికి చూసుకున్నాడు. కాలు పైనుంది, పెడలు కిందుంది. చప్పున స్విచ్చి తిప్పాడు. ఆగలేదు. మళ్లీ తిప్పాడు. “ఆపప్పా, ఆపు” అంటున్నాడు గాని ఆ కూతలో పెదాలు కదలడమే కనబడింది. తాత తలుపు పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆయనకు తొందర లేదు. అలా కొంతసేపు కానిచ్చి, అప్పుడు చెయ్యి లోపలికి పెట్టి తీగ లాగాడు. ఇంజను ఆగింది.

“ఇప్పుడు చెప్పండి సావుకారు. మీరేమన్నా తాగినారా?”

సావుకారు శాలువా కింద పడినా చూసుకోకుండా దిగాడు. మా అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, ఏడుపో నవ్వో ఆమెకే తెలియాలి.

నా కష్టం అక్కడినుంచే మొదలైంది. ఇంజను పాడయి ఉంటుంది, తనకు అమ్మినవాళ్లు మోసం చేశారు, ఆ ఇంకో డ్రైవరు ఏదో చేశాడు అని సావుకారు ఒక్కొక్కరినే తిట్టడం మొదలుపెట్టాడు. తాత వినలేదు. “ఎవరనేది తర్వాత. యాడ పట్టుకుందో చూడాల ముందు” అని లారీ కింద దూరాడు. పెడలునుంచి ఇంజను దాకా పోయే కమ్మీకి నడుమ ఒక చీల ఉంది, దాన్ని ఊడదీశాడు. ఇంజను వైపు ఉన్న మీట టక్కుమని వెనక్కి పోయింది. పెడలు మాత్రం పడుకున్నది లేవలేదు. అంటే ఇంజను వైపు దోషం లేదు, ఉన్నదంతా ఈ పక్కనే. స్ప్రింగు పట్టి చూశాడు, అది బాగానే ఉంది. ఇక మిగిలింది ఒకటే. పైకి వచ్చి, కాళ్లకింది చెక్క పలక ఊడదీశాడు.

అక్కడ కీలు కనబడలేదు. నల్లటి ముద్ద కనబడింది. దారి దుమ్మంతా అందులో కలిసి, ఇంజను వేడికి ఉడికి ఉడికి, చలికి బిగిసి జిగురయిపోయింది. ఎండ తగిలితే మెత్తబడుతుంది, తెల్లవారేటప్పటికి పట్టేస్తుంది. తాత దాన్ని గోటితో గీకి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. పక్కకు తిరిగి చూశాడు. అందరికంటే వెనక, మా అమ్మ చీర పట్టుకుని నేను నిలబడి ఉన్నాను. కీలు ఉన్న సందు చూశాడు, నా చెయ్యి చూశాడు. ఆముదం వాసన నాదాకా వచ్చింది.

ఆయన ఎవరు పూశారని అడగలేదు. నన్ను దగ్గరికి పిలిచి, ఒక గుడ్డపీలిక నా చేతికిచ్చి, “యాడాడ పూసినావో చూపిచ్చు తల్లీ” అన్నాడు. అంతే. ఎవరని అడిగి ఉంటే నేను చచ్చినా చెప్పేదాన్ని కాదు. ఎక్కడ అని అడిగేసరికి వేలు తనంతట తనే పోయి చూపించింది. మొదట ఇక్కడ, బిగిసిందని మళ్లీ ఇక్కడ, ఆ శుక్రవారం ఈ సందంతా. చెబుతుంటే కళ్లనీళ్లు వాటంతట అవే వచ్చాయి.

“ఈ పని ఎవరు చేసినారు?” అని సావుకారు వెనకనుంచి గద్దించాడు. “నేను” అన్నాను. అదే నిమిషంలో మా నాయన కూడా “నేను” అన్నాడు. ఆ మాట అని, లారీ చక్రానికి ఆనుకుని కూలబడి ఏడ్చాడు. ఆయన ఏడవడం నేను చూసింది అదే మొదలు. తాగలేదని తేలినందుకు వచ్చిన ఏడుపు కాదది. తన చేతులారా, తన ఇంటి కందెనతో, ఒక మనిషి కాలు నలిగిందని తెలిసి వచ్చిన ఏడుపు. తాత ఆయన భుజం మీద చెయ్యి వేశాడు.

“ఇప్పుడు ఏడువు, తెలిసింది గాబట్టి. తెలీకముందు నాలుగు దినాలు లోలోపల ఏడిస్తివే, అదే దండగ.”

కిరసనాయిలు గిన్నె నా ముందు పెట్టాడు. ఆ కీలును నాతోనే కడిగించాడు. పొద్దెక్కేదాకా తోమాను. లోపల ఇనుము తెల్లగా కనబడ్డాక పలచటి మిషను నూనె రెండు చుక్కలు వేయించి, పెడలును చేత్తో నొక్కి వదలమన్నాడు. వదిలినప్పుడల్లా అది లేచి వచ్చింది. చాలన్నదాకా నొక్కుతూనే ఉన్నాను.

సావుకారు మంచివాడని చెప్పను, చెడ్డవాడనీ చెప్పను. ఆ తీగ లాగేలోపల ఆయన పడ్డ అవస్థ ఆయన్ను మార్చింది. తాతతో కలిసి స్టేషనుకు పోయి, బండిలో దోషమే, మనిషి తాగలేదు అని రాసిచ్చాడు. మా నాయన లైసెన్సు నిలిచింది. అంతటితో అయిపోయిందని మా అమ్మ దేవుడికి దండం పెట్టుకుంటుంటే, తాత ధర్మవరం పోదాం పదండి అన్నాడు. నన్ను కూడా రమ్మన్నాడు. పసిదాన్ని వాళ్ల ముందు నిలబెడతారా, వాళ్లు కొడితే ఏం గతి అని అమ్మ అడ్డం పడింది. కాలు విరిగినాయనకు అది ఎందుకు విరిగిందో తెలియకుండా పోతే ఎట్ల అన్నాడు తాత.

నేతగాని ఇల్లు వీధి మొదట్లోనే ఉంది. తెగిన పడుగు ఎరుపూ పసుపూ పోగులతో అరుగు మీద చిక్కుపడి పోగుపడి ఉంది. లోపల మగ్గం గుంత పక్కన మంచం. కాలికి వెదురుబద్దలు కట్టి ఉన్నాయి. ఆయన భార్య మా నాయనను చూడగానే వాకిట్లోనే నిలదీసింది. ఆమె అన్న మాటలు రాయను, అనడానికి ఆమెకు హక్కుంది. నేతగాడు రానియ్యమన్నాడు. తాత నన్ను మంచం దగ్గరికి తోశాడు. నేను చెప్పాను. కందెన సంగతి, శుక్రవారం సంగతి, బిగిసేకొద్దీ ఎక్కువ పూసిన సంగతి, అంతా. తలెత్తకుండా చెప్పాను. చెబుతూ ఆయన మగ్గం గుంతలోకి చూశాను. అడుగున రెండు తొక్కుడు పలకలు ఉన్నాయి. రెండు కాళ్లూ ఉంటేగాని ఆ పని సాగదని నాకప్పుడు అర్థమైంది.

ఆయన కూడా ఆ గుంతవైపే చూస్తూ అన్నాడు.

“తొక్కిన పలక లేసి రాకపోతే ఏమైతాదో నేసేవానికి చెప్పల్నా పాపా? ఈయప్ప తాగి, ఒళ్లు తెలీకుండా నా మీదికి తోలినాడని అనుకుంటా పడుకోనుంటి. నొప్పి ఒకపక్క, ఆ మంట ఒకపక్క. ఇప్పుడు మంట పోయింది. నొప్పి ఒకటే ఉండాది.”

క్షమించానని ఆయన అనలేదు. మేమూ అడగలేదు. ఆయన కాలు అతుక్కుంది గాని పొట్టిదయింది, ఆ ఏడాదంతా మగ్గం మీద ఆయన తమ్ముడు కూర్చున్నాడు. మా నాయన బతికున్నంతకాలం ధర్మవరం పోయినప్పుడల్లా లారీని ఊరి బయటే ఆపి, ఆ ఇంటిదాకా నడిచిపోయి, పలకరించి, అప్పుడే ఊళ్లోకి తోలేవాడు. కందెన గొట్టాన్ని అవ్వ గుంజమీదినుంచి తీసి అటకమీద దాచింది. పారేయడానికి మా నాయన ఒప్పుకోలేదు.

నాకిప్పుడు తొంభై దగ్గర పడుతోంది. నోరు మంచిది కాదని మా ఇంట్లో పేరు. పాలు పొంగినా, పిల్లవాడు పరీక్ష తప్పినా, కోడలూ కొడుకూ మాటలు మానుకున్నా, ఎవరు చేశారు అన్న మాట నాలుక చివరి దాకా వస్తుంది. అప్పుడు ముక్కుకు ఆముదం వాసన తగులుతుంది. నోరు మూసుకుని, ఎక్కడ పట్టుకుందో చూపించండి అంటాను. మా వాళ్లు నవ్వుతారు, లారీ ముసలమ్మ మొదలుపెట్టింది అని ఏడిపిస్తారు. నవ్వితే నవ్వనీ, చూపిస్తారు గదా.

ఒక్కటి మాత్రం వాళ్లకు చెప్పలేదు, ఇక్కడ చెప్తున్నాను. తెల్లవారుజామున మెలకువ వస్తే, ఈనాటికీ నా కుడిచేతి చూపుడువేలు ఆ సందులోనే ఉన్నట్టుంటుంది. దాచుకున్న ఆ మూడు రోజుల మంట ధర్మవరంలో ఆ మంచం దగ్గరే ఆరిపోయింది. నొప్పి ఒకటే ఉండాది.